గంజాం తీరంలో ఒలింపస్ 8×40 డీపీఎస్-1: వలస పక్షులు తిరిగి వెళ్లే రోజులకు ఎంతవరకు పనికొస్తుంది?

బరంపురం, ఛత్రపురం, రంభ, ఇచ్ఛాపురం చుట్టుపక్కల ఉండి మొదటి బైనాక్యులర్ కొనాలనుకునేవాళ్లకు ముందే చెప్పేస్తాం. కళ్లద్దాలు అవసరం లేనివాళ్లు, లేదా చూసేటప్పుడు తీసేసినా ఇబ్బంది పడనివాళ్లు దీన్ని నిస్సందేహంగా కొనుక్కోవచ్చు. అద్దాలు తీస్తే ఏమీ కనబడనివాళ్లు మాత్రం దీని జోలికి వెళ్లొద్దు. ఉప్పుగాలి నుంచీ వానాకాలపు చెమ్మ నుంచీ కాపాడే ఓపిక లేనివాళ్లకూ ఇది తగదు. ఎందుకో చెప్పాలంటే కొంచెం వివరంగానే చెప్పాలి.

8×40లో మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వ్యాసం, మిల్లీమీటర్లలో. 40ని 8తో భాగిస్తే 5 వస్తుంది. వెనకవైపు నుంచి కంట్లోకి వచ్చే వెలుతురు గుండ్రం అన్ని మిల్లీమీటర్లన్నమాట. తెల్లవారుజామున యాభై దాటినవాళ్ల కంటిపాప దాదాపు అంతే తెరుచుకుంటుంది కాబట్టి ఇంతకంటే పెద్ద అద్దం మోసినా వాళ్లకు ఒరిగేదేమీ లేదు. బరువు 710 గ్రాములు. వెయ్యి మీటర్ల దూరంలో 143 మీటర్ల వెడల్పు ఒకేసారి కనబడుతుంది, కోణంలో చెప్పాలంటే 8.2 డిగ్రీలు. ఈ కొలత ఒక్కటే దీన్ని కొనడానికి చాలిన కారణం. ఇంతకంటే ఖరీదైన నికాన్ మోనార్క్ ఎం5 8×42లో ఆ కోణం 6.4 డిగ్రీలే, అంటే అదే దూరంలో 112 మీటర్లు.

ఆ ముప్పై మీటర్ల తేడా ఏప్రిల్‌లో తెలుస్తుంది. రంభ దగ్గర చిలికా సరస్సు నీళ్ల మీద విస్కర్డ్ టెర్న్‌లు ఎగురుతుంటాయి. చలికాలమంతా తెల్లగా, నెత్తిన కాస్త నలుపుతో కనబడిన పిట్టలే ఆ నెలకల్లా కడుపంతా నల్లగా మసిపూసుకున్నట్టు తయారవుతాయి. నీటిమీదికి వంగి, ముక్కుతో ఒక్కసారి తాకి, వెంటనే పక్కకు తిరిగిపోతాయి. ఇరుకు కోణమున్న బైనాక్యులర్‌తో దాన్ని వెతికి పట్టేలోపు అది ఇంకెక్కడో ఉంటుంది. దీనితో అయితే కంటితో చూసిన చోటికే గురిపెట్టి ఎత్తగానే పిట్ట లోపలే దొరుకుతుంది. కొత్తవాళ్లు నిరాశపడి బైనాక్యులర్ బీరువాలో పెట్టేయడానికి అసలు కారణం ‘పిట్ట దొరకకపోవడం’. ఆ బాధ ఇందులో బాగా తక్కువ.

రెండో లాభం పాతకాలపు ఆకారం వల్ల వచ్చింది. ఇది పోరో ప్రిజం రకం. కంటి దగ్గరి గొట్టాలకంటే ముందు అద్దాలు ఎడంగా ఉంటాయి, అందుకే దూరాల తేడా బాగా తెలుస్తుంది. హుమ్మా ఉప్పుమళ్లలో మార్చి నెలలో లిటిల్ స్టింట్‌లు, శాండ్ ప్లవర్‌లు, కర్ల్యూ శాండ్‌పైపర్‌లు కలిసిమెలిసి మేస్తుంటాయి. మన పెద్దవాళ్లు వీటన్నిటినీ ఉల్లంకి పిట్టలనే ఒక్క మాటలో కలిపేసేవాళ్లు. బురద రంగు గట్టు, దాని వెనక బురద రంగు మడి, మధ్యలో బురద రంగు పిట్ట. ఏది ముందుందో ఏది వెనకుందో తెలిస్తేనే వాటి సైజులు పోల్చగలం, సైజు తెలిస్తేనే పేరు పెట్టగలం. నిటారు గొట్టాల రూఫ్ ప్రిజం బైనాక్యులర్లలో ఈ లోతు ఇంత బాగా కనిపించదు.

ఇక లోపాలు. మొదటిది కళ్లద్దాల సంగతి. వెనక అద్దం నుంచి కన్ను ఎంత దూరంలో ఉంటే మొత్తం దృశ్యం కనబడుతుందో ఆ దూరం ఇందులో 12 మిల్లీమీటర్లు. కళ్లద్దాలే అంతకు మించిన చోటు తీసేసుకుంటాయి. రబ్బరు కప్పులను పూర్తిగా తగ్గించినా అంచులు కోసుకుపోయి, తాళంచెవి రంధ్రంలోంచి చూస్తున్నట్టే ఉంటుంది. 8.2 డిగ్రీలకు డబ్బు పెట్టి అందులో సగం పోగొట్టుకోవడం ఎందుకు? ఉత్త దగ్గరచూపు, దూరచూపు సమస్యే అయితే అద్దాలు తీసి ఫోకస్ చక్రం తిప్పుకుంటే సరిపోతుంది. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. వాళ్లు కొంత ఎక్కువ పెట్టి 17 మిల్లీమీటర్లు దాటినది తీసుకోవాలి. పైన చెప్పిన ఎం5లో అది 19.5.

రెండోది నీళ్లు. దీనికి నీటి రక్షణ లేదు. ఫోకస్ చక్రం తిప్పినప్పుడు వెనక గొట్టాలు, ఆ రెంటినీ కలిపే వంతెనతో సహా బయటికీ లోపలికీ జరుగుతాయి. జరిగిన ప్రతిసారీ లోపలికి గాలి పీల్చుకుంటుంది, ఆ గాలితోపాటు చెమ్మ, సన్న ఇసుక కూడా వెళతాయి. ఈ వంతెనతో ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని చాలామంది అద్దం లోపమనుకుంటారు. చూసేటప్పుడు కప్పులను కళ్లకు గట్టిగా అదిమితే వంతెన ఒక పక్కకు వాలుతుంది. అప్పుడు ఒక కంటికి స్పష్టంగా, మరో కంటికి మసకగా కనబడుతుంది. బొటనవేళ్లను చెంప ఎముకలకు ఆనించి, కప్పులు కనుబొమల కింద తగిలీ తగలనట్టు ఉంచితే ఆ మసక పోతుంది. పడవలో టోపీ అంచునూ బైనాక్యులర్‌నూ కలిపి పట్టుకుంటే చేతి వణుకు కూడా తగ్గుతుంది.

మూడోది ఎదురువెలుతురు. అద్దాల మీద ఒక్క పొరే పూత ఉంటుంది. సూర్యుడు ఎదురుగా ఉన్నప్పుడు దృశ్యం పాలిపోతుంది, నల్లటి పక్షి అంచుల చుట్టూ ఊదారంగు గీత కనబడుతుంది. గంజాం తీరంలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఇక్కడ నీళ్లన్నీ మనకు తూర్పునే ఉన్నాయి. రంభ గట్టు మీద పొద్దున్నే నిలబడితే చిలికా మీద ఎండ సూటిగా కళ్లల్లో పడుతుంది. గోపాల్‌పూర్‌లోనూ సోనపూర్ దగ్గర బహుదా నది సముద్రంలో కలిసే మొగలోనూ అదే వరస. కాబట్టి ఈ బైనాక్యులర్‌తో రంభకు వెళ్లేవాళ్లు సాయంత్రం మూడున్నర తర్వాత వెళ్లడం మేలు. పొద్దున్నే వెళ్లాల్సి వస్తే పడవను ముందు నీళ్లలోకి తీసుకెళ్లి, సూర్యుడు వీపు వెనక ఉండేలా గట్టువైపు తిరగమనాలి. సోనపూర్ వైపు నోలియా పడవవాళ్లలో చాలామంది మాట్లాడేది తెలుగే. ‘బాబూ, ఎండ ఈపుకి తగిలేలా పడవ తిప్పు’ అంటే చాలు. సూర్యుడు కిందికి ఉన్నప్పుడు ఆ పక్కగా ఎగిరే పక్షిని బైనాక్యులర్‌తో వెంబడించొద్దు. ఒక్క క్షణం సూర్యుడు లోపలికి వచ్చినా కంటి తెర కాలిపోయే ప్రమాదం ఉంది. పిల్లల చేతికి ఇచ్చేటప్పుడు ముందు ఈ మాటే చెప్పాలి.

దగ్గరలో 4 మీటర్లకంటే ఇవతల ఫోకస్ కుదరదు. సీతాకోకచిలుకలకు పనికిరాదు గానీ పక్షులకు ఇది లోటు కాదు. మే నెల నుంచి జీడితోటల్లోనూ మొగలి పొదల వెనకా వినబడే పొన్నంగి పిట్ట (ఇండియన్ పిట్టా) మనిషిని నాలుగు మీటర్లదాకా రానిస్తే అది మన అదృష్టమే.

పెట్టె తెరిచిన రోజే చేయాల్సిన పనులున్నాయి. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు వెనక్కి పంపే గడువు దాటకముందే ఇవన్నీ ముగించాలి. చేయి చాచి, ముందు అద్దాలను ఆకాశంవైపు పెట్టి, వెనక అద్దాల్లోకి అడుగు దూరం నుంచి చూడండి. రెండు వెలుతురు చుక్కలూ నిండు గుండ్రంగా ఉండాలి. అంచులు నలుచదరంగా కత్తిరించినట్టు ఉంటే లోపలి ప్రిజం బీకే-7 అనే తక్కువరకం గాజుది. ఈ మోడల్‌లో ఉండాల్సింది బాక్-4, కాబట్టి చుక్క గుండ్రంగా లేకపోతే చేతిలో ఉన్నది అసలుది కాదని అనుమానించాలి. తర్వాత దూరంగా ఉన్న కరెంటు టవర్ అడ్డకమ్మీనో, భవనం పిట్టగోడనో చూస్తూ బైనాక్యులర్‌ను కళ్ల నుంచి నెమ్మదిగా జానెడు వెనక్కి తీయండి. ఎడమ గొట్టంలో ఉన్న గీత, కుడి గొట్టంలో ఉన్న గీత ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటే రవాణాలో ప్రిజం కదిలిందన్నమాట. అలాంటిదాంతో మొదటి పది నిమిషాలు బాగానే ఉన్నట్టుంటుంది, గంటకల్లా తలనొప్పి మొదలవుతుంది. సర్దుకుపోదామనుకోకుండా మార్పించుకోవాలి. వీధి బజారులో ‘60×60’, ‘100 జూమ్’ అని అచ్చువేసి అమ్మేవాటి సంగతి ఇక్కడే చెప్పాలి. అలాంటివి నిజానికి ఆ అంకెల దరిదాపులకు కూడా రావు.  ఎర్రగా మెరిసే పూత రంగును పాడుచేస్తుంది. ఎంత చవకైనా కొనొద్దు.

రెండు కళ్లకు సరిచేయడం తెలియక మంచి బైనాక్యులర్‌ను తిట్టేవాళ్లు చాలామంది. మధ్య కీలును వంచుతూ రెండు గుండ్రాలు ఒకటయ్యేదాకా ఆగండి. కుడి ముందు అద్దానికి మూత పెట్టి, ఎడమ కంటితో యాభై మీటర్లకు అవతలున్న ఏ బోర్డు అక్షరాలనో మధ్య చక్రంతో స్పష్టం చేసుకోండి. రైల్వే స్టేషన్ పేరుపలక అయితే ఇంకా మంచిది, మూడు లిపులూ ఉంటాయి. ఇప్పుడు మూత ఎడమవైపుకు మార్చి, మధ్య చక్రం ముట్టుకోకుండా కుడి కంటి దగ్గరి రింగు ఒక్కటే తిప్పి అవే అక్షరాలను స్పష్టం చేయండి. కుదిరిన చోట గోళ్లరంగు చుక్క ఒకటి పెట్టేయండి. సంచిలో రాసుకుని ఆ రింగు తిరిగిపోతుంటుంది, చుక్క ఉంటే సరిచేసుకోవడం ఒక్క చూపు పని. ఆ తర్వాత రోజంతా తిప్పాల్సింది మధ్య చక్రమే.

దీనితో వచ్చే మెడపట్టీ సన్నది. మూడు గంటలు వేలాడితే 710 గ్రాములూ మెడనరం మీదే ఉంటాయి. భుజాల వెనక నుంచి ఇంటూ ఆకారంలో వేసుకునే హార్నెస్ పట్టీ విడిగా కొనుక్కుంటే బరువు వీపు మీదికి పోతుంది. పడవలోంచి వంగినప్పుడు బైనాక్యులర్ ఊగి అంచుకు కొట్టుకోదు. పోరో రకానికి ఆ దెబ్బే శత్రువు. ఒక్కసారి చెక్కకు గట్టిగా తగిలితే ప్రిజం జరిగి పైన చెప్పిన రెండు గీతల బాధ మొదలవుతుంది. పడవలో అందరూ చూడాలని అడుగుతారు, అడగనివ్వండి. అయితే చేతులు మారేటప్పుడు పట్టీ ముందు వాళ్ల మెడలో వేసి, ఆ తర్వాతే వదలండి.

ఏ దూరానికి ఏం తెలుస్తుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ఆశపడి నిరాశపడతాం. మా అంచనాలో తలమీద రెండు నల్ల గీతలుండే బార్‌హెడెడ్ గూస్‌ను మంచి వెలుతురులో రెండువందల మీటర్లకు గుర్తుపట్టొచ్చు. సూదితోక బాతు మగదాని మెడ తెలుపు ఇంకా దూరానికీ తెలుస్తుంది. కర్ల్యూ శాండ్‌పైపర్ ఒంపు ముక్కు ఎనభై మీటర్లలోపు. స్టింట్‌ల కాళ్లు నల్లవా పచ్చవా తేల్చాలంటే ముప్పై నలభై మీటర్లకు రావాలి, ఆ పసుపుపచ్చ కాళ్లే టెమింక్స్ స్టింట్ గుర్తు. పరిశోధకులు పక్షుల కాళ్లకు కట్టిన ప్లాస్టిక్ జెండాల మీది అక్షరాలు చదవడం దీని వల్ల కాదు, దానికి 20 రెట్లకు పైనుండే స్పాటింగ్ స్కోప్ అనే ఒంటిగొట్టపు దూరదర్శిని కావాలి. జెండా రంగు, ఏ కాలికుంది, మోకీలుకు పైనా కిందా అన్నది రాసిపెట్టుకున్నా ఉపయోగమే.

అసలు వలస తిరుగుముఖం పట్టే రోజుల్లోనే దీని విలువ తెలుస్తుందనడానికి కారణం ఈకలే. చిలికాలో జనవరి గణనల్లో ఇటీవల పక్షుల సంఖ్య పది లక్షలు దాటుతోంది. అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకు 1981లో ఎక్కిన సరస్సు అది. జనవరిలో సంఖ్య ఉంటుంది గానీ ఉల్లంకులన్నీ బూడిదరంగులోనే ఉంటాయి. ఫిబ్రవరి చివరికి బార్‌హెడెడ్ గూస్‌లు, సూదితోకలు పలచబడతాయి. గార్గనీ బాతులు మార్చిలో కూడా కనబడతాయి. మార్చిలో రంభ రేవు దగ్గర గుంజల మీద వాలే బ్రౌన్‌హెడెడ్ గల్‌లను వారం వారం చూడండి. చలికాలంలో చెవి దగ్గర ఒక్క ముదురు మచ్చే ఉంటుంది. ఆ మచ్చ ముందు కన్ను దాకా పాకుతుంది, తర్వాత నెత్తి మీద మరకలు మరకలుగా కాఫీరంగు వస్తుంది. చివరికి తలంతా ఒక టోపీ తొడిగినట్టవుతుంది, ముఖం దగ్గర పలచగా, మెడ అంచు దగ్గర ముదురుగా. టోపీ పూర్తయిన పక్షి ఇక ఎన్నాళ్లో ఉండదు. లోతునీళ్లవైపు గ్రేట్ క్రెస్టెడ్ గ్రీబ్‌లకు కూడా అప్పుడే నెత్తిన జుట్టు, చెంపల దగ్గర ఎర్రకుచ్చు వస్తాయి.

ఏప్రిల్ ఉల్లంకులది. కర్ల్యూ శాండ్‌పైపర్ ఇటుకరంగుకు తిరుగుతుంది, పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ కడుపు నల్లబడి వీపు మీద పసిడి చుక్కలు తేలతాయి, శాండ్ ప్లవర్‌ల ఎదమీద తుప్పురంగు పట్టీ పడుతుంది. ఈ రంగులను ఈ బైనాక్యులర్ నిజాయితీగానే చూపిస్తుంది, వెలుతురు వీపు వెనక ఉండాలి అంతే. అయితే వేళ చూసుకోవాలి. ఏప్రిల్‌లో తొమ్మిదిన్నర దాటితే బురద మీద గాలి వేడెక్కి దృశ్యం నీళ్లలో కదిలినట్టు కదులుతుంది. అది అద్దం తప్పు కాదు. అప్పుడు 10 రెట్లదైనా, లక్ష రూపాయల స్కోప్ అయినా ఆ కదలికనే పెద్దది చేసి చూపిస్తుంది. ఋషికుల్య, బహుదా మొగల్లో ఆటుపోట్లు కూడా చూసుకోవాలి. నీరు తగ్గినప్పుడు పిట్టలు మేతకోసం దూరదూరంగా చెదిరిపోతాయి. పోటు నిండడానికి రెండు గంటల ముందు వెళ్లి ఒకచోట కూర్చుంటే, మునిగిపోయే దిబ్బలను వదిలి అవే మిగిలిన ఇసుకతిన్నె మీదికి చేరతాయి. ఋషికుల్య దగ్గర ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ రోజుల్లో అటవీ సిబ్బందిని అడగకుండా ఇసుక మీదికి దిగొద్దు, చీకట్లో టార్చి అసలే వద్దు.

దగ్గరికి వెళ్లాలనే ఆశ బైనాక్యులర్ చేతిలో ఉన్నప్పుడే ఎక్కువవుతుంది. ఆ పిట్టలు సైబీరియా టండ్రాదాకా ఎగరాలి. ఇక్కడ పట్టించే కొవ్వే వాటికి దారిబత్తెం. మనం ఒక్కసారి లేపితే గుంపంతా పది నిమిషాలు తిరిగి అందులోంచే ఖర్చుపెడుతుంది. గుంపు మేత ఆపి తలలెత్తిందంటే అక్కడే ఆగాలి. రెండు నిమిషాల్లో మళ్లీ తల దించకపోతే వెనక్కి జరగాలి. పడవ ఇంజను వంద మీటర్ల ముందే ఆపించి గెడతో వెళ్లమనాలి.

ఇంటికొచ్చాక చేసే పనిమీదే ఇది రెండేళ్లుంటుందా ఇరవై ఏళ్లుంటుందా అన్నది ఆధారపడి ఉంటుంది. ఉప్పుగాలిలో తిరిగొచ్చిన సాయంత్రం ఒంటిమీది రబ్బరును మంచినీటిలో తడిపి పిండేసిన గుడ్డతో తుడవండి. అద్దాలను ముందు గాలిబుడ్డితో ఊది, తర్వాత మెత్తని కుంచెతో దులపండి. ఆ రెండూ అయ్యాకే మైక్రోఫైబర్ గుడ్డ మీద ఒక చుక్క లెన్స్ ద్రావకం వేసి మధ్య నుంచి అంచుకు తుడవాలి. పొడిగా ఉన్నప్పుడే కండువాతోనో చీరకొంగుతోనో రుద్దితే ఎండిన ఉప్పురేణువులు పూతను గీరేస్తాయి. ఆ గీతలు ఇక పోవు.

వానాకాలంలో అసలు ప్రమాదం బూజు. మన తీరంలో జూన్ నుంచి అక్టోబరు దాకా బీరువా లోపల కూడా చెమ్మే. వచ్చిన నల్ల సంచిలో దీన్ని మూసిపెడితే ఆ గుడ్డ పీల్చుకున్న తడి దీన్నే పట్టుకుంటుంది. గాలి చొరని మూతున్న నాలుగు లీటర్ల పప్పుల డబ్బా తీసుకుని, వంద గ్రాముల సిలికా జెల్ గుడ్డమూటలో కట్టి అందులో వేయండి. నారింజరంగు గింజలు తీసుకోవడం మంచిది, తడి పీల్చుకున్నాక అవి ఆకుపచ్చకు తిరుగుతాయి. ఓటీజీ ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ నారింజకు వస్తాయి. నీలంరంగువాటిలో కోబాల్ట్ ఉంటుంది, వాటిని వంటపాత్రలో వేడిచేయొద్దు. నాఫ్తలీన్ గోళీలు డబ్బాలో వేయొద్దు, ఆ ఆవిరి అద్దాలమీద పొరలా కూర్చుంటుంది.

నెలకొకసారి డబ్బా తెరిచి, చీకటిగదిలో ముందు అద్దంలోంచి ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడండి. దుమ్ము కణాలు కనబడితే కంగారు లేదు. సాలెగూడు దారాల్లా సన్నగా కొమ్మలు వేసినట్టుంటే అది బూజే. అంచున చిన్నదిగా ఉన్నప్పుడే బాగుచేయించాలి, ఆలస్యమైతే పూతను తినేస్తుంది. ఇంట్లో స్క్రూలు విప్పొద్దు, విప్పిన పోరో ప్రిజాన్ని మళ్లీ వరసలో పెట్టడం చేతి అంచనాతో అయ్యేది కాదు. ఇచ్ఛాపురం దగ్గరి తెలుకుంచికి ఓపెన్‌బిల్ కొంగలు దిగేది, చాతక పక్షి కూత వినబడేది వానలతోనే కాబట్టి డబ్బా పూర్తిగా మూతపడి ఉండే కాలమేమీ కాదది. వాన వెలిసిన పూట బయటికి తీసినప్పుడు ఏసీ గదిలోంచి నేరుగా తీసుకెళ్లొద్దు. పావుగంట వసారాలో సంచిలోనే ఉంచి, అద్దం మీద ఆవిరి పట్టడం ఆగాక ఎత్తండి.